మణికట్టుకు తగ్గ గన్ను

హైదరాబాద్ కొత్తగూడ చౌరస్తా నుంచి కొండాపూర్ వైపు పోయే దారిలో ఉదయం ఎనిమిదిన్నర దాటిందంటే టైర్ల షాపుల ముందు కార్లు వచ్చి ఆగుతుంటాయి. రాత్రి పార్క్ చేసినప్పుడు బాగానే ఉన్న టైరు తెల్లారేసరికి నేలకు అతుక్కుపోయి ఉంటుంది. చుట్టూ కొత్త భవనాలు లేస్తున్న చోట రోడ్డు మీద మేకులకు, ఇనుప ముక్కలకు కొదవ ఉండదు. "అన్నా, తొమ్మిదిన్నరకు మీటింగ్ ఉంది, జర జల్దీ" అంటూ కారు దిగిన మనిషి ఫోన్ చూసుకుంటూ పక్కకు నిలబడతాడు. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు జాకీ తోసుకొచ్చి కారు లేపుతాడు. గోడకు వేలాడుతున్న గాలి పైపును లాగి, దాని కొసన ఉన్న గన్నును చక్రానికి ఆనిస్తాడు. టర్ర్ర్ అన్న చప్పుడు ఐదు సార్లు వినిపిస్తుంది. ఐదు నట్లు అతని అరచేతిలోకి వచ్చేస్తాయి. అంతా కలిపి అర నిమిషం పట్టదు.

కారు యజమానికి వినబడేది ఆ చప్పుడు ఒక్కటే. కుర్రాడి భుజానికి తెలిసేది బరువు.

పుస్తకాల్లో దాని పేరు ఎయిర్ ఇంపాక్ట్ రెంచ్. షాపులో ఆ మాట ఎవరి నోటా రాదు, "గన్ను అందుకో" అంటే చాలు. దానికి తగిలించే సాకెట్‌ను పాత ఉస్తాదులు గోటీ అంటారు. పిస్తోలు ఆకారంలో ఉంటుంది కాబట్టి గన్ను అన్న పేరు దానికి అతికినట్టు సరిపోయింది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి దీనికి బలం. కార్ల పనికి వాడేది అర అంగుళం గన్ను, అంటే సాకెట్ ఎక్కే చదరపు మొన అర అంగుళం ఉండేది. ఇందులోనే రెండు కిలోలు తూగేవీ ఉన్నాయి, దాదాపు మూడు కిలోలు తూగేవీ ఉన్నాయి. కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా పెద్దగా అనిపించదు. సాయంత్రం ఆరింటికి కనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. రద్దీగా ఉండే షాపుకు రోజుకు ఇరవై కార్లు వచ్చి, ఒక్కోదానికి నాలుగు చక్రాలూ ఊడదీసి బిగించారనుకుందాం. ఎనభై చక్రాలు. ఊడదీయడానికోసారి, బిగించడానికోసారి, మొత్తం 160 సార్లు గన్ను నేల మీంచి పైకి లేవాలి. 2.8 కిలోల గన్ను బదులు 2.1 కిలోల గన్ను ఉంటే ఒక్కో ఎత్తుకు 700 గ్రాములు మిగులుతాయి. రోజుకు 112 కిలోలు. రెండు బస్తాల బియ్యం కంటే ఎక్కువ బరువును ఆ కుర్రాడు ఎత్తకుండా తప్పించుకున్నట్టు. పైగా ఇది నడుముతో ఎత్తే బరువు కాదు. వంగి కూర్చుని, చెయ్యి ముందుకు చాచి, మణికట్టుతో నిలబెట్టి పట్టుకునే బరువు. చెయ్యి చాచే కొద్దీ అదే రెండు కిలోలు నాలుగు కిలోల్లా లాగుతుంది.

అందుకే ఇప్పుడు కొత్తగా షాపు పెట్టేవారు, పాత గన్ను మార్చేవారు తేలిక గన్ను కోసం వెతుకుతున్నారు. వెతకాల్సిందే. కాకపోతే బరువు ఒక్కటే చూసి కొన్నవాళ్లు, పెట్టె మీద రాసిన అంకె ఒక్కటే చూసి కొన్నవాళ్లు ఇద్దరూ కొన్నాళ్లకు నొచ్చుకునే అవకాశం ఉంది. ఎందుకో తెలియాలంటే గన్ను లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

బిగుసుకుపోయిన నట్టును మామూలు పానాతో విప్పాలంటే ఒళ్లు మొత్తం దాని మీద వేయాలి. మనం పానాను ఎంత తోస్తే పానా మనల్ని అంత వెనక్కు తోస్తుంది. గన్ను పద్ధతి వేరు. లోపల రేకులు అమర్చిన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. గాలి తగలగానే అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. దాని ముందు ఉక్కు సుత్తులు ఉంటాయి. చాలా గన్నుల్లో అవి జంటగా ఉంటాయి. చక్రంతో పాటు తిరుగుతూ వేగం పుంజుకుని, సాకెట్ ఎక్కిన ఇరుసును పక్కనుంచి కొడతాయి, వదులుతాయి, మళ్లీ తిరిగొచ్చి కొడతాయి. ఇలా నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు. రోకటిని రోట్లో ఆనించి ఎంత అదిమినా వడ్లు దంగవు, ఎత్తి వేస్తేనే దంగుతాయి. గన్ను చేసే పనీ అదే, అడ్డంగా పడే రోకటి పోటు. దెబ్బ నట్టుకు పోతుంది, చేతికి చేరేది అదురు మాత్రమే. బిగుసుకుపోయిన కారు నట్టును ఒంటి చేత్తో ఊడదీయగలగడం దీనివల్లే.

రోకలి తేలికైతే పోటు తేలికవుతుందా? అక్కడే తేలిక గన్నుల తయారీలో నేర్పంతా ఉంది. లోపలి సుత్తుల బరువు తగ్గిస్తే దెబ్బ తగ్గుతుంది కాబట్టి, వాటి జోలికి పెద్దగా పోకుండా చుట్టూ ఉన్న తొడుగును తేలిక చేశారు. ఒకప్పుడు ఒళ్లంతా అల్యూమినియమే. ఇప్పుడు పిడి, మోటారు తొడుగు గాజునార కలిపిన గట్టి ప్లాస్టిక్‌తో వస్తున్నాయి. సుత్తులుండే ముందు భాగానికి మెగ్నీషియం, ఖరీదైన వాటిలో టైటానియం వాడతారు. ఒకే కంపెనీ రకాలు రెండు పక్కన పెడితే ఇది తెలిసిపోతుంది. ఇంగర్‌సాల్ ర్యాండ్ వారి పాత, పేరున్న 231సి రకం అల్యూమినియం ఒళ్లుతో 2.6 కిలోలు తూగుతుంది. అదే కంపెనీ 2235 టైటానియం రకం అంతకంటే ఎంతో బలమైనదై ఉండి కూడా 2.1 కిలోలే. ఇరుకు చోట్ల కోసం చేసిన 35మ్యాక్స్ అనే పొట్టి గన్ను 1.1 కిలోలు. పొడవు జానెడు కూడా ఉండదు. ప్లాస్టిక్ ఒంటితో ఇంకో లాభం ఉంది. వదిలిన గాలి వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది, దాంతో లోహపు పిడి ఐసుముక్కలా తయారవుతుంది. ప్లాస్టిక్ పిడి అంత చల్లబడదు.

ఇక పెట్టె మీది అంకెల సంగతి. నట్టు బిగింపును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవున్న కడ్డీ చివర పది కిలోల బరువు వేలాడదీస్తే దాదాపు 100 న్యూటన్ మీటర్లు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్ల చక్రాల నట్లకు తయారీదారులు చెప్పే బిగింపు దాదాపు ఇంతే, 100కు అటూ ఇటూ. కచ్చితమైన అంకె ఆ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇప్పుడు గన్ను పెట్టె చూస్తే, పైన చెప్పిన టైటానియం రకం మీద 1,350 ఫుట్ పౌండ్లు అని ఉంటుంది. మన లెక్కలోకి మారిస్తే 1,830 న్యూటన్ మీటర్లు. పొట్టి గన్నుకే 610 దాకా చెబుతారు. కావలసింది 100, చేతిలో ఉన్నది 600 నుంచి 1,800.

అంత బలం పూర్తిగా వృథా అనలేం. నాలుగు వానాకాలాలు చూసిన నట్టు తుప్పు పట్టి, బిగించినప్పటి కంటే రెండు మూడింతలు మొండికేస్తుంది. సస్పెన్షన్ బోల్టులు ఇంకా మొండివి. కానీ పెట్టె మీది అంకెను నమ్మే ముందు అది ఏ అంకో అడగాలి. చాలా కంపెనీలు పెద్ద అక్షరాల్లో వేసేది నట్టును విప్పే దిశలో, ప్రయోగశాలలో, నిండు గాలి అందుతున్నప్పుడు వచ్చే గరిష్ఠ విలువ. బిగించే దిశలో, రోజువారీ పనిలో వచ్చేది దానికంటే బాగా తక్కువ. ఆ రెండో అంకె పుస్తకం లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోల్చి చూడాల్సింది దాన్నే. చక్రాలు, బ్రేకులు ప్రధానంగా చూసే కార్ల షాపుకు 600, 700 న్యూటన్ మీటర్ల గన్ను హాయిగా సరిపోతుంది. అంతకుమించి కొంటే ఎక్కువ సార్లు బలానికి డబ్బు పెట్టి, దాంతో పాటు బరువును కూడా కొనుక్కున్నట్టే.

లారీల సంగతి పూర్తిగా వేరు. 1966లో మొదలైన విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల చక్రం నట్టు అంటే వేలెడు లావు, బిగింపు 500 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అక్కడ వాడే అంగుళం గన్నులు ఏడెనిమిది కిలోల నుంచి మొదలవుతాయి. కొన్నిటిని చక్రాల బండి మీద పెట్టి తోసుకెళ్తారు. ఐటీ ఉద్యోగులను చేరవేసే పెద్ద బస్సులు చూసే షాపులకూ ముప్పావు అంగుళం, అంగుళం గన్నులు తప్పవు. అలాంటి షాపులో పనిచేసి వచ్చిన ఉస్తాదు కార్ల షాపుకు కూడా పెద్ద గన్నే కావాలంటాడు. చేతికి అలవాటైన బరువు అది. కారు నట్టుకు మాత్రం అది చేటు.

ఎలాంటి చేటంటే, 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రి పదకొండు గంటలకు టైరు పగిలిన మనిషిని తలచుకోండి. నానక్‌రామ్‌గూడలో పని ముగించుకుని శంషాబాద్ వైపు పోతున్నాడు. పక్కనుంచి బళ్లు గంటకు వంద పైచిలుకు వేగంతో దూసుకుపోతున్నాయి. డిక్కీలోంచి స్టెప్నీ తీశాడు, కంపెనీ ఇచ్చిన వంకర పానా తీశాడు. ఆ పానా పొడవు పాతిక సెంటీమీటర్లు. నట్టు 100 న్యూటన్ మీటర్లకు బిగించి ఉంటే దాని కొస మీద నలభై కిలోల బరువు మోపాలి. కాలితో తొక్కితే వస్తుంది. కిందటి వారం ఏదో షాపులో పెద్ద గన్నుతో "ఇంకో రెండు దెబ్బలు" వేసి 300కు బిగించారనుకోండి, 120 కిలోలు మోపాలి. పానా మీద ఎక్కి నిలబడినా నట్టు కదలదు. ఆ మనిషి చేసేదేమీ లేక కారు లైట్లు వెలిగించి రోడ్డు వారన నిలబడతాడు. అక్కడ అంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు.

ఇది కళ్లకు కనిపించే నష్టం. కనిపించనివి ఇంకా ఉన్నాయి. అతిగా బిగిస్తే నట్టు ఎక్కే స్టడ్ సాగి బలం కోల్పోతుంది, మరో నెలకో, మరో ఏడాదికో విరుగుతుంది. అల్లాయ్ చక్రంలో నట్టు కూర్చునే గుంట నలుగుతుంది. ఒక్కో నట్టు ఒక్కో రకంగా బిగిస్తే బ్రేకు డిస్కు వంకర తిరిగి, బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. మరలు సరిగా కలవకుండానే ట్రిగ్గర్ నొక్కితే చూడీలు పోతాయి. కాబట్టి గన్ను ఎంత మంచిదైనా పని వరస మారకూడదు. నట్టును ముందు వేళ్లతో మూడు నాలుగు చుట్లు తిప్పాలి. తర్వాత గన్నును తక్కువ మెట్టులో పెట్టి, వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్న నట్లను ఆనేదాకా మాత్రం తిప్పాలి. కారు దించాక అసలు బిగింపు టార్క్ రెంచ్‌తో చేయాలి. కావలసిన అంకె రాగానే అది "టక్" మంటుంది, అక్కడితో ఆపాలి. చక్రాలు మార్చాక ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి చూపించుకోమని కారు యజమానికి చెప్పడం కూడా పనిలో భాగమే. మంచి గన్ను గుర్తుల్లో మొదటిది ఇక్కడ తెలుస్తుంది. బిగించే వైపు బలాన్ని రెండు మూడు మెట్లుగా తగ్గించుకునే మీట ఉండాలి, విప్పే వైపు నిండు బలం రావాలి. ఆ మీట గన్ను పట్టుకున్న చేతి బొటనవేలికే అందాలి. నట్లు ఒక చేతిలో, గన్ను ఇంకో చేతిలో ఉన్నప్పుడు మూడో చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుంది?

అయితే షాపుల్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు అతి బలం గురించి కాదు. "కొత్త గన్ను తెచ్చినం, నట్టు ఊడతలేదు" అన్నదే. పేరున్న కంపెనీ, వేలకు వేలు పోసి తెచ్చిన సరుకు, అయినా గొణుగుతుంది. గన్నును తిట్టుకుంటూ ఇంకా పెద్దది తెస్తారు. అదీ గొణుగుతుంది. చాలాసార్లు తప్పు గోడకు వేలాడే పైపులో ఉంటుంది.

గన్ను బలం లెక్కలన్నీ 90 పీఎస్‌ఐ, అంటే 6.2 బార్ల గాలి మీద కట్టినవి. ఆ 90 ఎక్కడ ఉండాలన్నది అసలు ప్రశ్న. కంప్రెసర్ మీటరులో ఉంటే చాలదు. ట్రిగ్గర్ నొక్కి గన్ను తిరుగుతున్నప్పుడు, పైపు కలిసే గన్ను నోటి దగ్గర ఉండాలి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే నీలం, నారింజ రంగుల స్ప్రింగు పైపు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చుట్టుకుపోయి ఎవరి కాళ్లకూ అడ్డం రాదు. కానీ బయట ఎనిమిది మిల్లీమీటర్లు ఉండే పైపుకు లోపలి దారి ఐదు మిల్లీమీటర్లే. గాలి నింపడానికి, దుమ్ము ఊదడానికి అది చాలు. గన్నుకు కావలసింది లోపల పది మిల్లీమీటర్ల దారి, షాపువాళ్లు మూడు ఎనిమిదుల పైపు అనేది. ఐదు పదికి సగమే కదా అనిపిస్తుంది కానీ, గాలి వెళ్లే దారి వైశాల్యంలో తేడా నాలుగింతలు. సన్న పైపు చివర మీటరు తగిలిస్తే ట్రిగ్గర్ వదిలినప్పుడు 90 చూపించిన ముల్లు, నొక్కగానే జారిపోతుంది. పైపు మధ్యలో రెండు మూడు చోట్ల తగిలించిన క్విక్ కప్లింగులు కూడా ఒక్కోటి ఒక్కో అడ్డుకట్ట. ఆ చిన్న మీటరు, లావు పైపు కలిపినా గన్ను ధరలో చిన్న వంతే. కొత్త గన్ను కొనే ముందు పాత గన్నుకు ఆ పైపు వేసి చూస్తే, కొత్తది అక్కరలేదనిపించినా ఆశ్చర్యం లేదు.

తర్వాత కంప్రెసర్. కేటలాగులో గన్నుకు సగటు గాలి వాడకం నిమిషానికి నాలుగు నుంచి ఆరు ఘనపుటడుగులని ఉంటుంది. అది మధ్యమధ్య ఆగుతూ చేసే పని లెక్క. ట్రిగ్గర్ నొక్కి పట్టినంతసేపు గన్ను తాగేది ఇరవై పైనే, అంటే నిమిషానికి 560 లీటర్లు. మూడు హార్స్‌పవర్ చిన్న కంప్రెసర్ ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు, 250 లీటర్లు అనుకోండి. మిగతాది ట్యాంకులో దాచిన గాలి పూడ్చాలి. ట్యాంకు 135 లీటర్లదై, గాలి 8 బార్ల నుంచి 6 బార్లకు దిగేలోపు బయటికిచ్చేది 270 లీటర్లు. ఈ లెక్కన నిండు బలం నిలిచేది నిమిషం లోపే. ఒక చక్రానికి పదిహేను ఇరవై సెకన్లు కాబట్టి, ఒక్క కుర్రాడు ఒక్క కారు చూస్తున్నంతవరకు ఇబ్బంది లేదు. పక్కన ఇంకొకడు టైరు ఊడదీసే యంత్రం నడుపుతూ, మరొకడు గాలి నింపుతూ ఉంటే మూడో చక్రం దగ్గరే గన్ను నీరసపడుతుంది. తేలిక గన్నుల్లో కొన్ని గాలి ఎక్కువ తాగుతాయి కూడా. కాబట్టి షాపులో ఉన్న కంప్రెసర్‌కు తగిన గన్ను తెచ్చుకోవాలి, లేదా ట్యాంకు పెద్దది చేసుకోవాలి.

హైదరాబాద్ వానాకాలానికి ఇంకో మాట చెప్పాలి. జూన్ నుంచి గాలిలో తేమ పెరుగుతుంది. కంప్రెసర్ ఆ గాలిని నొక్కినప్పుడు తేమ నీళ్లై ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ ఉదయం అడుగు వాల్వు తిప్పి ఆ నీళ్లు వదలకపోతే అవి పైపు వెంట గన్నులోకి పోయి, సుత్తులను, రేకులను తుప్పు పట్టిస్తాయి. ట్యాంకును కూడా లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. గన్ను దగ్గరకు చేరే లోపు నీటిని పట్టే ఫిల్టరు, ఒత్తిడి సరిచేసే రెగ్యులేటరు ఉండాలి. పని మొదలుపెట్టే ముందు గాలి వచ్చే రంధ్రంలో రెండు మూడు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేయాలి. చేతికందిందని ఇంజిన్ ఆయిల్ వేస్తే అది చిక్కబడి రేకులను పట్టేస్తుంది.

గాలితో నడిచే పనిముట్టు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికి మాదాపూర్ చుట్టూ ఉన్నవి గుట్టలు, బండరాళ్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అద్దాల మేడల పునాదుల కోసం ఆ నల్లరాయిని తొలిచినవి గాలి డ్రిల్లులే. ఇంగర్‌సాల్ ర్యాండ్ పేరులోని మొదటి సగం కూడా రాయి తొలిచే యంత్రానికి 1871లో పేటెంటు తీసుకున్న సైమన్ ఇంగర్‌సాల్‌ది. రాయి నుంచి మొదలైన ఆ వంశంలోదే చక్రం నట్టు విప్పే గన్ను. వంశంతో పాటు ఒక జబ్బు కూడా వచ్చింది.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బెడ్‌ఫర్డ్ ఊళ్లో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే పనివారి వేళ్లు చలికి తెల్లగా పాలిపోయి, మొద్దుబారుతున్నాయని వినిపించింది. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అక్కడికి వెళ్లి వారిని పరీక్షించారు. ఆ వేళ్లు అలా కావడానికి కారణం చేతిలోని పనిముట్టు అదురేనని తేల్చారు. ఏళ్ల తరబడి అదురు పడ్డ చేతిలో సన్న రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. మొదట వేళ్ల కొసల్లో తిమ్మిరి. తర్వాత చొక్కా గుండీ పెట్టుకోవడం, చిన్న నట్టు పట్టుకోవడం కష్టమవుతుంది. మెకానిక్కుకు వేళ్లే జీవనాధారం. రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారిందని లేచి విదిలించుకునే కుర్రాడు, పొద్దున "ఏదో నరం పట్టింది" అని ఊరుకుంటే నష్టం అతనిదే.

యూరప్ దేశాలు 2002లో దీనికి అంకెలు పెట్టాయి. రోజుకు ఎనిమిది గంటల సగటున అదురు 2.5 దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. కొలత సెకనుకు సెకనుకు మీటర్లలో. అక్కడ అమ్మే ప్రతి గన్ను పుస్తకంలోనూ అదురు విలువ రాయాలి, చాలాసార్లు అదే పుస్తకం ఇక్కడి పెట్టెలోనూ ఉంటుంది. ఆ విలువ 8 ఉన్న గన్నుతో ట్రిగ్గర్ నొక్కే సమయం మొత్తం 47 నిమిషాలు చేరితే మొదటి గీత దాటినట్టు. మన ఇరవై కార్ల లెక్కకు తిరిగొద్దాం. ఎనభై చక్రాలు, చక్రానికి ఐదు నట్ల చొప్పున నాలుగు వందలు, విప్పడం బిగించడం కలిపి ఎనిమిది వందల సార్లు. ఒక్కోసారి నాలుగు సెకన్లయితే 53 నిమిషాలు. గీత దాటిపోయింది.

తేలిక గన్ను విషయంలో జాగ్రత్త ఇక్కడే కావాలి. బరువైన ఒళ్లు దెబ్బల అదురును కొంత తనలోనే ఉంచుకుంటుంది. ఒంటి బరువు తగ్గించి దెబ్బ మాత్రం అలాగే ఉంచితే ఆ అదురు చేతికి చేరుతుంది. మంచి తయారీదారులు పిడికి రబ్బరు తొడుగులు, లోపల సుత్తుల అమరికలో మార్పులు చేసి దాన్ని పట్టి ఉంచుతారు. చవక రకం తేలిక గన్నుల్లో ఆ శ్రద్ధ ఉండదు. రెండు కిలోల గన్నులు రెండు ముందు పెట్టినప్పుడు ధరలో కనిపించే తేడాకు కారణాల్లో ఇదొకటి. పుస్తకంలో అదురు అంకె లేని గన్నును పక్కన పెట్టేయడమే మంచిది.

చప్పుడు గురించి కూడా అంతే శ్రద్ధ కావాలి. కర్మాగారాల చట్టం కింద మన దేశంలో రూపొందిన నమూనా నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు పెట్టాయి, 100 డెసిబెల్స్ అయితే రెండు గంటలే. గన్ను చప్పుడు ఈ రెంటి మధ్య ఉంటుంది, రేకుల షెడ్డులో గోడలు దాన్ని తిప్పి కొడతాయి. నలుగురు పనిచేసే షాపు ఆ చట్టం లెక్కలోకి రాకపోవచ్చు, చెవి మాత్రం అందరిదీ ఒకటే. పది ఇరవై రూపాయల ఇయర్ ప్లగ్గులు షాపు గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ ఒక డబ్బాడు ఉండాలి.

గచ్చిబౌలి, మణికొండ, నల్లగండ్ల అపార్టుమెంటు సెల్లార్లలోకే వచ్చి టైరు మార్చి వెళ్లేవారు బ్యాటరీ గన్నులు వాడుతున్నారు. కంప్రెసర్ మోసుకు తిరగలేరు కాబట్టి వారికి అదే సరైనది. కానీ బ్యాటరీతో కలిపితే బలమైన రకం మూడు కిలోల చుట్టూ తూగుతుంది, రోజంతా ఒకే చోట పనికి రెండు మూడు బ్యాటరీలు కావాలి. గాలి సిద్ధంగా ఉన్న షాపులో అదే బలానికి గాలి గన్నే తేలిక.

కొనడానికి బయల్దేరితే ఐటీ కారిడార్‌లోని షాపువాళ్లు చాలామంది ఇప్పటికీ పోయేది సికింద్రాబాద్ రాణిగంజ్‌కే. పంపులు, కంప్రెసర్లు, పనిముట్ల దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి. మూడు నాలుగు వేల రూపాయల గన్ను నుంచి ముప్పై వేలు దాటే గన్ను దాకా దొరుకుతుంది. గన్నును యజమాని ఒక్కడే వెళ్లి తేవడం చాలా చోట్ల జరుగుతుంది. రోజూ పట్టుకునే కుర్రాణ్ని వెంట తీసుకెళ్లాలి. సాకెట్ తగిలించి, పైపు ముక్క తగిలించి, చక్రం ఎత్తులో చెయ్యి చాచి ఒక నిమిషం పట్టుకోమనాలి. మూతి కిందికి వాలుతుంటే ముందు బరువు ఎక్కువన్నమాట, ఆ వాలును రోజంతా ఆపాల్సింది మణికట్టే. పిడి లావు అతని అరచేతికి సరిపోవాలి. ట్రిగ్గర్ కొంచెం నొక్కితే నెమ్మదిగా, పూర్తిగా నొక్కితే వేగంగా తిరగాలి. ఒకేసారి ఎగబడే ట్రిగ్గర్ నట్టు మరలను తినేస్తుంది. వదిలిన గాలి పిడి అడుగు నుంచి కిందికి పోవాలి, ముఖం మీదికి దుమ్ము లేపకూడదు. రేకులు, రబ్బరు రింగులు, ఇరుసు విడిగా దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో వస్తాయని దుకాణదారును అడగాలి. దొరకవంటే ఆ గన్ను ఎంత చవకైనా ఒక్క రేకు అరిగిన రోజున మూలపడుతుంది.

సాకెట్ల దగ్గర పొదుపు అస్సలు పనికిరాదు. తళతళలాడే తెల్ల సాకెట్లు చేతి పానాకు చేసినవి. గన్ను దెబ్బలకు అవి పగిలి ముక్కలు ఎగరవచ్చు, కంటికి తగిలితే అంతే సంగతులు. గన్నుకు వాడాల్సినవి నల్లవి, మందంగా ఉండేవి, క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి, లోపల ఆరు మూలలవి. కార్లకు 17, 19, 21 మిల్లీమీటర్లవి ఉంటే చాలావరకు పని నడుస్తుంది. అల్లాయ్ చక్రాల కోసం బయట ప్లాస్టిక్ తొడుగున్న సన్నటి సాకెట్లు తీసుకుంటే గుంటల్లో గీతలు పడవు.

అదే ప్రయాణంలో, అదే బిల్లులో, టార్క్ రెంచ్ ఒకటి, పది మిల్లీమీటర్ల పైపు పది మీటర్లు, గన్ను నోటి దగ్గర తగిలించే చిన్న గాలి మీటరు, ఒక సీసా ఎయిర్ టూల్ ఆయిల్ రాయించుకోవాలి. డబ్బు చాలకపోతే గన్నులో ఒక మెట్టు తగ్గాలి కానీ వీటిలో ఒక్కటీ వదలకూడదు. షాపుకు తిరిగొచ్చాక మొదట మార్చాల్సింది పైపు. ఆ తర్వాత మీటరు తగిలించి, ట్రిగ్గర్ నొక్కి పట్టి, ముల్లు 90 దగ్గర నిలబడేదాకా రెగ్యులేటరు తిప్పాలి. నిలబడ్డ చోట గోడ మీద సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుంటే, రేపు పొద్దున షాపు తెరిచే కుర్రాడికి ఎవరూ మళ్లీ చెప్పనక్కరలేదు.